గదికంతా ఒకేరోజు మందు

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసి అడిగారు. మా బ్యాచ్ వాళ్ళం నలుగురం కూర్చుని ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాం. క్రమశిక్షణ గురించి, లక్ష్యసాధన గురించి, బాబాసాహెబ్ అంబేద్కర్ గారి చదువు గురించి ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అవి రాయవలసినవే. అయితే హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసి కూడా ఏ సంచికలోనూ ఎవరూ రాయని విషయం ఒకటుంది. అది గజ్జి. నవ్వు వచ్చినవాళ్ళు నవ్వుకోండి, ఏమీ అనుకోం. నవ్వు అయిపోయాక మాత్రం చివరి వరకూ చదవండి.

మాలో ఒకరు ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు. ఒకరు ప్రభుత్వ పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడు. మిగతా ఇద్దరిలో ఒకరు బ్యాంకులో, ఒకరు ఆర్టీసీలో పనిచేస్తున్నాం. అంటు వ్యాధుల మీద ఈ పది పదిహేనేళ్ళలో జరిగిన పరిశోధనల గురించి మా ఫార్మసిస్టు మిత్రుడు చెబుతుంటే ఒకరోజు గజ్జి మాట వచ్చింది. ఆ రోజు విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీతో పంచుకోవాలని అనిపించింది. ఇందులో మనకు పనికివచ్చే మాట ఒక్కటే ఉంది. ఆ మాట మా రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే ఒక పిల్లవాడి చదువు నిలిచేది.

ముందుగా మా రోజులు ఎలా ఉండేవో ఇప్పటి తమ్ముళ్ళకు చెప్పాలి. మేము 2004లో ఆరో తరగతిలో చేరాం. ఒకటే పొడుగాటి హాలు. అరవై మందిమి. మంచాలు లేవు. జంపఖానాలు పక్కపక్కన పరుచుకుని, తలల దగ్గర ట్రంకు పెట్టెలు పెట్టుకుని పడుకునేవాళ్ళం. వానాకాలం బట్టలు ఆరేవి కావు. చలికాలం వస్తే ఒక్కొక్క దుప్పటి చాలక ఇద్దరేసి కలిసి రెండు దుప్పట్లూ కప్పుకునేవాళ్ళం. దసరా సెలవులు అయిపోయి తిరిగి వచ్చిన రెండు మూడు వారాలకు గోకుడు మొదలయ్యేది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, చంకల్లో, మొలతాడు కింద, చెప్పుకోలేని చోట్ల చిన్న చిన్న పొక్కులు. పగలు కొంత నయం. రాత్రి దీపాలు ఆర్పాక దురద ఎక్కువయ్యేది. నిద్ర ఉండేది కాదు. తెల్లవారి స్టడీ అవర్లో పుస్తకం ముందు కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. లెక్కల మాస్టారి దెబ్బల్లో సగం ఆ నిద్ర మూలంగా తిన్నవే.

మందులకు కొదవ లేదు. ఆరోగ్య కేంద్రం నుంచి తెల్లటి మందు సీసాలు వచ్చేవి. బెంజైల్ బెంజోయేట్ అంటారు దాన్ని. గోకి గోకి పుండ్లయిన చోట రాస్తే ప్రాణం పోయినంత మంట. గంధకం ఆయింట్‌మెంటు వాసనకు పక్కవాడు ముక్కు మూసుకునేవాడు. ఇంటి దగ్గర నుంచి అమ్మలు కానుగ నూనె పంపేవారు. వేపాకు నీళ్ళు కాచి పోసేవారు కామాటి పెద్దమ్మ. ఎవరికి దురద ఉంటే వాళ్ళు రాసుకునేవారు. వారం పది రోజులకు తగ్గేది. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చేది. హాస్టల్ అంటే గజ్జి, గజ్జి అంటే హాస్టల్ అన్నట్టు ఉండేది.

జబ్బు కన్నా మాట ఎక్కువ బాధించేది. తనిఖీకి వచ్చినవాళ్ళు మా చేతులు చూసి, "ఈ పిల్లలు స్నానం చేయరు, అందుకే" అనేవారు. మేము రోజూ బోరింగు దగ్గర వరుస కట్టి స్నానం చేసేవాళ్ళమే. కాస్మొటిక్ చార్జీలు వచ్చిన నెల సబ్బుతోనూ, రాని నెల సబ్బు లేకుండానూ. స్కూల్లో డే స్కాలర్లు మా పక్కన కూర్చునేవారు కాదు. "హాస్టల్ వాళ్ళు" అనే మాటలో మురికి అనే అర్థం కలిసిపోయి ఉండేది. ఆ మురికి అనే మాట మన ఇళ్ళకు, మన వాడలకు ఎన్ని తరాలుగా అంటగట్టారో ఇక్కడ చదివే వారెవరికీ మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఆరో తరగతిలోకి ఒక చిన్నవాడు కొత్తగా వచ్చాడు. అప్పటికి మేము ఎనిమిదిలో ఉన్నాం. తండ్రి లేడు. తల్లి కూలికి పోయేది. ఎక్కాలు ఇరవై వరకూ తడుముకోకుండా చెప్పేవాడు. ఆ సంవత్సరం హాల్లో అందరికంటే ముందు దురద కనబడింది వాడికే. చేరిన నాలుగు రోజులకే గోక్కోవడం మొదలుపెట్టాడు. "వీడే తెచ్చాడు" అన్నారు. స్టోరు రూము పక్కన వరండాలో వాడొక్కడికీ జంపఖానా వేశారు. కంచం వేరు, చెంబు వేరు. మాలో ఒకరం వాడికి అన్నం తీసుకెళ్ళి ఇస్తుండేవాళ్ళం. రెండు వారాల తర్వాత, పూర్తిగా నయమయ్యాక పంపమని తల్లికి చీటీ రాసి ఇంటికి పంపేశారు. వాడు వెళ్ళిపోయిన తర్వాత నెలకు హాల్లో ఇరవై మందికి పైగా గోక్కుంటూ ఉన్నాం. వాడు దసరాకు రాలేదు. సంక్రాంతికి రాలేదు. మేము పదో తరగతి పరీక్షలు రాసే రోజుల్లో వాడు లారీ మీద క్లీనరుగా వెళ్తున్నాడని తెలిసింది.

ఇప్పుడు పరిశోధన చెప్పే మాటలోకి వద్దాం. వాడి సంగతి మధ్యలో ఎందుకు చెప్పామో మీకే అర్థమవుతుంది.

వైద్యులు స్కేబీస్ అనే ఈ గజ్జి కంటికి సరిగా ఆనని ఒక పురుగు వల్ల వస్తుంది. దానికి ఎనిమిది కాళ్ళు. మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. ఆడ పురుగు చర్మం పై పొరలో సన్నని సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. నెల, నెలన్నర బతుకుతుంది. మామూలుగా ఒక మనిషి ఒంటి మీద ఉండే పురుగులు పది పదిహేనుకు మించవు. మరి ఒళ్ళంతా దురద ఎందుకు? ఆ దురద పురుగు కరిచినందుకు వచ్చేది కాదు. పురుగు, దాని గుడ్లు, దాని మలం మన ఒంటికి పడక శరీరం తిరగబడినందుకు వచ్చేది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. జీవితంలో మొదటిసారి ఈ పురుగు ఎక్కినవాడికి శరీరం తిరగబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకూ దురద ఉండదు. హాయిగా నిద్రపోతాడు. కానీ పురుగు పక్కవాడికి పాకుతూనే ఉంటుంది. ఇంతకు ముందొకసారి వచ్చి తగ్గినవాడికి మళ్ళీ ఎక్కితే శరీరం గుర్తుపట్టి కొద్ది రోజుల్లోనే దురద మొదలవుతుంది. అంటే హాల్లో అందరికంటే ముందు గోక్కున్నవాడే జబ్బు తెచ్చినవాడు అనడానికి వీల్లేదు. ఎప్పుడో ఒకసారి వచ్చి తగ్గినవాడికి మన హాల్లోనే మళ్ళీ అంటుకుని, వాడి ఒంట్లో ముందుగా గంట మోగి ఉండవచ్చు. తెచ్చినవాడు దురద లేకుండా మధ్య వరుసలో పడుకుని ఉండవచ్చు. ఎవరు తెచ్చారన్న విచారణ వల్ల ఎవరికీ నయం కాదు.

ఈ విషయాలు ఎలా తెలిశాయో చెబితే మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. ఎందుకంటే అది తెలిసింది కూడా ఒక రకమైన హాస్టల్లోనే. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు ఇంగ్లండులో సైనికులకు గజ్జి విపరీతంగా వచ్చింది. దుప్పట్ల వల్లే వస్తోందని నమ్మి వాటిని వేడి ఆవిరిలో పెట్టి శుద్ధి చేసేవారు. కెన్నెత్ మెలన్‌బీ అనే జీవశాస్త్రవేత్త 1941లో షెఫీల్డ్ నగరంలో ఒక ఇల్లు తీసుకుని, యుద్ధంలో చంపడం తమ మనస్సాక్షికి విరుద్ధమని సైన్యంలో చేరని యువకులను స్వచ్ఛంద కార్యకర్తలుగా అందులో ఉంచాడు. వాళ్ళు గజ్జి ఉన్న సైనికులు విడిచిన బట్టలు తొడుక్కున్నారు. వాళ్ళు కప్పుకున్న దుప్పట్లలో పడుకున్నారు. ఎన్నిసార్లు చేసినా జబ్బు అంటింది బహు కొద్దిమందికే. జబ్బు ఉన్న మనిషి పక్కన ఒకే పడక మీద రాత్రిళ్ళు పడుకున్నప్పుడు మాత్రం అంటుకుంది. చర్మానికి చర్మం తగిలి ఎక్కువసేపు ఉంటేనే ఈ పురుగు ప్రధానంగా పాకుతుందని అలా తేలింది. మొదటిసారి అంటుకున్నవాళ్ళకు దురద నెల రోజుల దాకా రాదని గమనించింది కూడా అక్కడే.

దీనివల్ల మన "స్నానం చేయరు" అన్న మాటకు సమాధానం దొరుకుతుంది. చర్మం లోపల సొరంగంలో ఉన్న పురుగును సబ్బు కడిగేయలేదు. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాడికీ వస్తుంది. శుభ్రత అవసరమే, గోకిన పుండ్లలో చీము పట్టకుండా అది కాపాడుతుంది. కానీ గజ్జిని పెంచేది ఇరుకు. ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో మనలాగే బడిలో ఉండి చదివే 1902 మంది విద్యార్థులను పరీక్షించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో 17.8 శాతం మందికి గజ్జి ఉంది. ఆ దేశం ఎక్కడో, మనం ఎక్కడో. అయినా ఎక్కువమంది పిల్లలు ఒకేచోట దగ్గర దగ్గరగా పడుకునే బడి ఎక్కడున్నా దాని కథ ఒకేలా ఉంటుంది.

మరి నయం చేయడం ఎలా? దీని మీద జరిగిన ముఖ్యమైన పరీక్ష ఒకటి పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో జరిగింది. ఫలితాలు 2015లో వచ్చాయి. ఫిజీ అంటే మనకు పరాయిది కాదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో చెరకు తోటల్లో కూలి పనికి ఒప్పందం మీద మన తెలుగువాళ్ళను కూడా ఓడల్లో తీసుకెళ్ళిన దేశం అది. అక్కడ గజ్జి చాలా ఎక్కువ. పరిశోధకులు మూడు దీవి సమాజాలను తీసుకున్నారు. మొత్తం 2051 మంది. మొదటి చోట మామూలు పద్ధతి: జబ్బు ఉన్నవాళ్ళకు, వాళ్ళతో కలిసి ఉండేవాళ్ళకు పర్మెత్రిన్ అనే పూత మందు ఇచ్చారు. రెండవ చోట జబ్బు ఉన్నా లేకపోయినా అందరికీ పర్మెత్రిన్ ఇచ్చారు. మూడవ చోట అందరికీ ఐవర్‌మెక్టిన్ అనే మాత్ర ఇచ్చారు. మాత్ర వాడకూడని చిన్నపిల్లలు, గర్భిణుల వంటి వారికి పూత మందు ఇచ్చారు. మొదట పరీక్షించినప్పుడు గజ్జి ఉన్నవాళ్ళకు వారం, రెండు వారాల తర్వాత రెండో మోతాదు ఇచ్చారు.

సంవత్సరం తర్వాత వెళ్ళి మళ్ళీ లెక్క చూశారు. మామూలు పద్ధతి పాటించిన చోట గజ్జి 36.6 శాతం నుంచి 18.8 శాతానికి వచ్చింది. అందరికీ పూత మందు ఇచ్చిన చోట 41.7 శాతం నుంచి 15.8కి తగ్గింది. అందరికీ మాత్ర ఇచ్చిన చోట 32.1 శాతం నుంచి 1.9 శాతానికి పడిపోయింది. వందలో ముప్పై రెండు మంది గోక్కునే ఊళ్ళో ఇద్దరు మాత్రమే మిగిలారన్నమాట. గోకడం వల్ల వచ్చే చీము పుండ్లు కూడా ఆ మూడవ చోట మూడింట రెండు వంతులు తగ్గిపోయాయి, వాటికంటూ వేరే మందు ఇవ్వకుండానే.

ఆ లెక్కల్లో మొదటి వరుసను ఇంకొకసారి చూడండి. అది మా హాస్టల్ పద్ధతికంటే కొంచెం మెరుగైనదే. జబ్బు ఉన్నవాడితోపాటు వాడి పక్కవాళ్ళకు కూడా మందు ఇచ్చారు. అయినా సగం జబ్బు ఊళ్ళోనే ఉండిపోయింది. మరి దురద ఉన్నవాడు ఒక్కడే, వాడికి తోచిన రోజు, దొరికిన మందు రాసుకుంటే ఏమవుతుంది? వాడికి తగ్గేసరికి, ఇంకా దురద మొదలుకాని పక్కవాడి దగ్గర నుంచి పురుగు మళ్ళీ వాడి మీదికే వస్తుంది. మా చిన్నప్పుడు నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చిందంటే మందు పనిచేయలేదని అనలేం. హాలు మొత్తానికి మందు పడలేదు.

తర్వాత ఫిజీకి దూరం కాని సాలమన్ దీవుల్లో, ఒక రాష్ట్రమంతటా 26,188 మందికి 2015లో ఈ మాత్రను, దానితోపాటు పుండ్లకు పనికివచ్చే మరో యాంటీబయాటిక్‌ను ఇచ్చారు. సంవత్సరానికి గజ్జి 18.7 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గింది. ఇలాంటి ఫలితాలు చూశాక లెక్కలోకి రాని ఈ జబ్బుకు లెక్క వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2019లో ఐవర్‌మెక్టిన్‌ను గజ్జికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా గజ్జితో బాధపడుతుంటారని ఆ సంస్థ అంచనా. ఇంతమందికి ఉన్న జబ్బును మనం సిగ్గుపడి జేబులో చేతులు పెట్టుకుని దాచుకున్నాం.

అందరికీ మందు అంటే కొత్తగా అనిపిస్తుంది కానీ మనకిది అలవాటైన పద్ధతే. పల్స్ పోలియో చుక్కలు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే వేస్తారు. బోదకాలు మాత్రలు కాలు వాచనివాళ్ళకూ ఇస్తారు. నులిపురుగుల మాత్ర బడిలో అందరి చేతా మింగిస్తారు. కడుపులో పురుగులు ఉన్నవాడెవడో ముందు చెయ్యెత్తమని ఎవరూ అడగరు. గజ్జికి కూడా అలాగే అడగకుండా ఉంటే చాలు, సిగ్గు సగం తగ్గుతుంది.

ఇక వేపాకు, పసుపు మాట. మన అమ్మలు, కామాటి పెద్దమ్మలు వాడింది వృథా అని మేము అనం. మన దేశంలోనే 814 మంది గజ్జి రోగులకు వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్ద పూసి చూసి, 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందని 1992లో ప్రచురించారు. వినడానికి బాగుంది. కానీ అందులో పోల్చి చూడడానికి వేరే మందు వాడిన రెండో గుంపు లేదు. ఫిజీలో మామూలు పద్ధతి వాడిన చోట కూడా జబ్బు సగం తగ్గిందని చూశాం కదా. ఆ గుంపు లేకపోతే మాత్ర గొప్పతనం ఎంతో తేలేదే కాదు. క్లినికల్ పరిశోధనలో పోల్చడానికి రెండో గుంపును ఎందుకు పెడతారో సైన్సు చదివే తమ్ముళ్ళు ఇక్కడ గుర్తుపెట్టుకోండి.

ఐవర్‌మెక్టిన్ మాటకొస్తే దాని కథ కూడా చదవదగ్గదే. జపాన్‌లో సతోషి ఒమురా అనే శాస్త్రవేత్త సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆ మందుకు మూలం దొరికింది. విలియం క్యాంప్‌బెల్ దాని శక్తిని గుర్తించాడు. 2015లో వాళ్ళిద్దరికీ, మలేరియా మందు కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యుయుకూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అంత మంచి మందు కూడా అన్నిటికీ మందు కాదు. 2021లో కరోనాకు పనిచేస్తుందని మన ఊళ్ళల్లో కూడా చాలామంది కొనుక్కుని మింగారు. బ్రెజిల్‌లో 1358 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. కరోనా రోగులు ఆసుపత్రి పాలు కాకుండా అది ఆపలేదని తేలింది. ఒకే మాత్ర. ఒక జబ్బుకు పనిచేస్తుందని, ఇంకొక జబ్బుకు పనిచేయదని పరీక్షే చెప్పింది. షాపువాడు చెప్పేదానికి, పరీక్ష చెప్పేదానికి తేడా అది.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు, వార్డెన్ గారికి, సిబ్బందికి మా ఫార్మసిస్టు మిత్రుడు రాసిచ్చిన నాలుగు మాటలు ఇక్కడ పెడుతున్నాం. డాక్టరు గారిని అడగకుండా ఏదీ చేయవద్దు. ముందు డాక్టరు చూసి ఇది గజ్జేనని చెప్పాలి, ఎందుకంటే తామరకు మందు వేరు. గజ్జి అని తేలితే ఒక తేదీ పెట్టుకోవాలి. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళందరూ, దురద ఉన్నా లేకపోయినా, వంట అమ్మతో సహా, వాచ్‌మన్‌తో సహా, మందు తీసుకోవాలి. మాత్ర అయితే డాక్టరు బరువు చూసి ఎంతో చెబుతారు. 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. పర్మెత్రిన్ క్రీము అయితే మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మొలతాడు కింద, ఎక్కడా వదలకుండా రాత్రి పూసుకుని పొద్దున్నే స్నానం చేయాలి. పొక్కులున్న చోట మాత్రమే రాసుకుంటే ప్రయోజనం ఉండదు. సుమారు వారం తర్వాత, డాక్టరు చెప్పిన రోజున, అందరూ మళ్ళీ వాడాలి. రెండో విడత ఎగ్గొడితే అప్పటికి గుడ్లలోంచి బయటపడ్డ పిల్ల పురుగులు మిగిలిపోతాయి.

బట్టలు, దుప్పట్లు అదే రోజు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేని వాటిని గోనెసంచిలో కాకుండా ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి మూడు రోజులు పక్కన పెడితే చాలు, మనిషి ఒళ్ళు దొరక్క పురుగు చస్తుంది. దసరా, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగి వచ్చిన వెంటనే ఈ తేదీ పెట్టుకుంటే మేలు. ఇంటి దగ్గర తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఉంటే వాళ్ళకూ మందు పడాలి. మందు వాడిన తర్వాత కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చు. పురుగు చచ్చినా శరీరం కోపం చల్లారడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. భయపడి రోజూ మందు పూసుకోవద్దు. నాలుగు వారాలు దాటినా, కొత్త పొక్కులు వచ్చినా మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పర్మెత్రిన్ కొందరికి పూర్వంలా పనిచేయడం లేదని యూరప్ దేశాల వైద్యులు ఈమధ్య రాస్తున్నారు. అలాంటప్పుడు మందు మార్చే నిర్ణయం డాక్టరుదే.

ఒక హెచ్చరిక. మందుల షాపులో దురదకని ఇచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే దురద తగ్గుతుంది, పురుగు మాత్రం లోపల నిశ్చింతగా పెరుగుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఇటువంటి పూతమందులు అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు. అడగకండి. ఇంకొకటి, గోకిన పుండ్లలో చీము పట్టి, ఆ తర్వాత పిల్లవాడి ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా లేక టీ రంగులో వచ్చినా అది మూత్రపిండాలకు తగిలిన దెబ్బ కావచ్చు. గజ్జే కదా అని ఊరుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మనం శాలువాలు కప్పుకుంటాం, గోడ గడియారాలు బహూకరిస్తాం. ఈసారి ఆ డబ్బుతో ప్రతి పిల్లవాడికి ఇంకొక దుప్పటి, రెండో జత టవలు కొనిపెడదాం. ఇద్దరు ఒకే దుప్పట్లో పడుకునే అవసరం పోతే పురుగుకు దారి సగం మూసుకుపోతుంది. మనిషికొక మంచం, మంచానికీ మంచానికీ మధ్య జానెడైనా ఖాళీ ఉండాలని అధికారులను అందరం కలిసి అడుగుదాం. అది కోరిక కాదు, వైద్యం.

తమ్ముళ్ళకు ఒక పని చెబుతాం. మందు వేసుకునే ముందు రోజు ఒక నోటుబుక్కులో పేర్లు లేకుండా లెక్క మాత్రం రాయండి. హాల్లో ఎంతమంది, అందులో ఎంతమందికి దురద ఉంది. నెలకొకసారి, మూడు నెలలకొకసారి మళ్ళీ లెక్కపెట్టి కింద రాయండి. ఫిజీ దీవుల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు చేసిన పనిలో ముఖ్యమైన భాగం ఇదే. అంకె తగ్గితే సంతోషం. తగ్గకపోతే ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు గారి దగ్గరకు, వార్డెన్ గారి దగ్గరకు వెళ్ళండి. అంకెలు చూపించి అడిగినప్పుడు "మీరు స్నానం చేయరు" అని ఎవరూ అనలేరు.

ఆ లెక్కలో ఎవరు ముందు గోక్కున్నారన్న గడి మాత్రం పెట్టవద్దు. ఈ హాస్టల్ నుంచి చేతిలో చీటీతో ఏ పిల్లవాడూ ఇంటికి వెళ్ళకూడదు. వెళ్ళవలసింది పదో తరగతి మార్కుల జాబితాతో. మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– 2009 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు